ఖాళీ కుర్చీల చరిత్ర: బ్లాక్‌పూల్ ఫుట్‌బాల్ అభిమానుల బహిష్కరణోద్యమం, దాని స్మృతి - ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

ఇంగ్లండులోని బ్లాక్‌పూల్ ఫుట్‌బాల్ క్లబ్ అభిమానులు తమ క్లబ్ యజమానులకు వ్యతిరేకంగా 2014-15 నుంచి 2019 వరకు మైదాన బహిష్కరణ పాటించారు. నేడు దానిని విజయగాథగా చెప్పుకుంటున్నారు. అయితే యజమానులను తొలగించినది న్యాయస్థానపు ఉత్తర్వు; ఆ వ్యాజ్యం వేసినవారు అభిమానులు కారు. కాబట్టి బహిష్కరణ సాధించినదేమిటి, అభిమానుల స్మృతి దానిని ఎలా నిలుపుకొంటున్నది అనే రెండు ప్రశ్నలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. బహిష్కరణ ప్రధాన ఫలితం యజమానుల పతనం కంటే అభిమాన సమూహం చెదరకుండా నిలవడమేననీ, స్మృతిలో విజయంతో పాటు నష్టానికి కూడా సమాన స్థానం ఉన్నదనీ ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: బహిష్కరణ, సామూహిక స్మృతి, మౌఖిక చరిత్ర, ఫుట్‌బాల్ అభిమానులు, బ్లాక్‌పూల్, నిష్క్రమణ, నిబద్ధత.

1. ఉపోద్ఘాతం

ఉద్యమాల చరిత్రను రాసేవారు సాధారణంగా జరిగిన పనులను ఆధారం చేసుకుంటారు. ఊరేగింపు జరిగితే ఛాయాచిత్రం ఉంటుంది. సభ జరిగితే తీర్మానం ఉంటుంది. అరెస్టు జరిగితే పోలీసు రికార్డు ఉంటుంది. బహిష్కరణ స్వభావం వేరు. అది ఒక పని చేయకపోవడం. ఆటకు వెళ్లని మనిషి పేరు ఏ చిట్టాలోనూ ఎక్కదు. కొనని టిక్కెట్టుకు రసీదు ఉండదు. కుర్చీ ఖాళీగా ఉన్నదని ఛాయాచిత్రం చూపగలదు గాని, అందులో కూర్చోవలసిన మనిషి ఆ సాయంత్రం ఎక్కడున్నాడో, ఎందుకు రాలేదో చెప్పలేదు. అందువల్ల బహిష్కరణ చరిత్రలో లిఖిత ఆధారాల కంటే స్మృతికి ఎక్కువ బాధ్యత పడుతుంది.

తెలుగులో మౌఖిక చరిత్ర పరిశోధనకు మంచి పునాది ఉంది. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల జ్ఞాపకాలను సేకరించి స్త్రీశక్తి సంఘటన 1986లో ప్రచురించిన 'మనకు తెలియని మన చరిత్ర' అధికారిక కథనాలకు అందని అనుభవాలు జ్ఞాపకంలో ఎలా నిలుస్తాయో చూపింది. ఆ పోరాటానికీ ఇంగ్లండులోని ఒక క్రీడాభిమానుల ఉద్యమానికీ స్థాయిలో గాని, ప్రాణనష్టంలో గాని పోలిక లేదు. జ్ఞాపకాన్ని ఆధారంగా స్వీకరించి, ప్రశ్నించే పద్ధతి మాత్రం రెండింటికీ ఉపయోగపడుతుంది.

2. 'బహిష్కరణ' - పదవిచారం

ఆంగ్లంలోని 'బాయ్‌కాట్' ఒక వ్యక్తి ఇంటిపేరు నుంచి వచ్చింది. 1880లో ఐర్లండులోని మేయో ప్రాంతంలో లార్డ్ ఎర్న్ అనే భూస్వామి వ్యవహారాలు చూసే ప్రతినిధి కెప్టెన్ చార్లెస్ బాయ్‌కాట్. కౌలుదారుల ఉద్యమంలో భాగంగా స్థానికులు అతనితో పనినీ, వ్యాపారాన్నీ, మాటనూ మానివేశారు. ఆ సంవత్సరంలోనే అతని పేరు క్రియాపదంగా మారింది.

తెలుగులో దీనికి సమానార్థకంగా వాడే 'బహిష్కరణ'కు వెలుపల ఉంచడమని అర్థం. దీనికి రెండు వాడుకలు ఉన్నాయి. ఒకటి 'సాంఘిక బహిష్కరణ', అంటే వెలి. బలం గల సమూహం బలం లేనివారిని దూరంగా నెట్టడం ఇందులో కనిపిస్తుంది. రెండవది జాతీయోద్యమ కాలంలో స్థిరపడిన 'విదేశీ వస్తు బహిష్కరణ'. ఇది బలం లేనివారు బలవంతుడికి తమ సహకారాన్ని నిరాకరించడం. బ్లాక్‌పూల్ ఉదంతం రెండవ అర్థానికి చెందినదే అయినా, అందులో మొదటి అర్థపు ఛాయ కూడా ఉంది. అభిమానులు యజమానులను వెలుపలికి పంపలేకపోయారు. తామే వెలుపల నిలబడ్డారు. తమకు అత్యంత ప్రియమైన స్థలం నుంచి తమను తామే వెలివేసుకున్నారు. ఈ వైరుధ్యం గుర్తించకుండా ఆ ఉద్యమ స్మృతిని అర్థం చేసుకోలేము.

3. చారిత్రక నేపథ్యం

బ్లాక్‌పూల్ లాంకషైర్‌లోని సముద్రతీర పట్టణం. ఒకప్పుడు కార్మిక కుటుంబాల వేసవి విడిది. విహారయాత్రికుల రాక తగ్గిన తరువాత తీవ్రమైన పేదరికాన్ని చవిచూసింది. 1887లో ఏర్పడిన ఇక్కడి ఫుట్‌బాల్ క్లబ్ సొంత మైదానం బ్లూమ్‌ఫీల్డ్ రోడ్. ఆటగాళ్ల దుస్తులది నారింజ వన్నె. 1953 ఎఫ్.ఎ. కప్ ఫైనల్లో ఈ జట్టు బోల్టన్‌పై 4-3తో గెలిచింది. స్టాన్లీ మాథ్యూస్ పేరుతో ప్రసిద్ధమైన ఆ ఆటలో మూడు గోల్స్ చేసినవాడు స్టాన్ మోర్టెన్‌సన్.

1980ల చివరలో ఓవెన్ ఆయ్‌స్టన్ క్లబ్‌ను చేజిక్కించుకున్నారు. 1999లో ఆయన కుమారుడు కార్ల్ అధ్యక్షుడయ్యారు. 2006లో లాత్వియా వ్యాపారి వలెరి బెలొకాన్ 20 శాతం వాటాతో భాగస్వామిగా చేరారు. 2010 మే 22న వెంబ్లీలో కార్డిఫ్ సిటీపై 3-2తో గెలిచి, ఇయాన్ హాలోవే శిక్షణలోని జట్టు ప్రీమియర్ లీగ్‌లో అడుగుపెట్టింది. ఒక్క సీజన్ తరువాత, 39 పాయింట్లు సంపాదించి కూడా, దిగువ శ్రేణికి పడిపోయింది.

అసంతృప్తికి బీజం ఈ ఒక్క సంవత్సరంలోనే ఉంది. ప్రీమియర్ లీగ్ ప్రసార హక్కుల ద్వారా క్లబ్‌కు అంతకుముందెన్నడూ చూడనంత ధనం వచ్చింది. ఆ సంవత్సరపు లెక్కల్లో ఓవెన్ ఆయ్‌స్టన్‌కు చెందిన ఒక సంస్థకు 1 కోటి 10 లక్షల పౌండ్లు చెల్లించినట్లు వెల్లడైంది. జట్టు మీద, మైదానం మీద, శిక్షణ వసతుల మీద ఆ స్థాయి వ్యయం అభిమానులకు కనిపించలేదు. 2014 వేసవిలో కొత్త సీజన్‌కు కొన్ని వారాల ముందు ఒప్పందంలో ఉన్న ఆటగాళ్లు పదిమంది కూడా లేరు. ఆ సీజన్‌లో జట్టు 46 ఆటల్లో 4 మాత్రమే గెలిచి, 26 పాయింట్లతో అట్టడుగున నిలిచింది.

ఓటమి ఒక్కటే అయితే అభిమానులు సహించేవారు. ఫుట్‌బాల్ అభిమానికి ఓటమి కొత్త కాదు. యాజమాన్యం తమతో వ్యవహరించిన తీరు వారిని మరింత నొప్పించింది. ఒక అభిమానికి అవమానకరమైన సందేశాలు పంపినందుకు కార్ల్ ఆయ్‌స్టన్‌ను ఫుట్‌బాల్ అసోసియేషన్ 2015లో ఆరు వారాలపాటు క్రీడా వ్యవహారాల నుంచి నిషేధించి, 40,000 పౌండ్ల జరిమానా విధించింది. విమర్శించిన అభిమానుల్లో కొందరిపై యజమానులు పరువునష్టం దావాలు వేశారు. నష్టపరిహారం చెల్లించవలసి వచ్చిన ఒక వృద్ధుడి కోసం తోటి అభిమానులు చందాలు పోగుచేశారు.

2015 మే 2న హడర్స్‌ఫీల్డ్ టౌన్‌తో జరిగిన సీజన్ చివరి ఆట రెండో అర్ధభాగం మొదలైన కొద్దిసేపటికే ఆగిపోయింది. అభిమానులు మైదానంలోకి దిగి మధ్యవృత్తంలో కూర్చున్నారు. ఆట తిరిగి మొదలు కాలేదు. ఆ నిరసనకు ముందే యాజమాన్యం మైదానం బయటి మోర్టెన్‌సన్ విగ్రహాన్ని తొలగించింది. 1953 నాటి వీరుడి విగ్రహం కనిపించకపోవడం అభిమానుల దృష్టిలో ఒక సంకేతమైంది. క్లబ్ చరిత్ర యజమానుల ఆస్తి కాదనే వాదనకు అది బలం చేకూర్చింది.

4. బహిష్కరణ స్వరూపం

'నాట్ ఎ పెన్నీ మోర్' అనేది ఉద్యమ నినాదం. ఇకపై ఒక్క పెన్నీ కూడా ఇవ్వమని దాని భావం. టిక్కెట్టు, జెర్సీ, మైదానంలో తినుబండారం, ఇలా యజమానులకు ఆదాయం చేకూర్చే దేనినీ కొనకూడదన్నది నియమం. బ్లాక్‌పూల్ సపోర్టర్స్ ట్రస్ట్, టాంజరీన్ నైట్స్ వంటి బృందాలు నిరసనలను నడిపించాయి.

ఈ నియమంలో ఒక సూక్ష్మమైన తర్కం ఉంది. ఇంగ్లిష్ లీగ్ ఆటల్లో టిక్కెట్ల ఆదాయం ఆతిథ్యమిచ్చే క్లబ్‌కే చెందుతుంది. కాబట్టి ఇతర పట్టణాల్లో తమ జట్టు ఆడే ఆటకు వెళ్లినా ఆ ధనం తమ యజమానులకు చేరదు. ఈ కారణంతో సొంత మైదానాన్ని మానిన అభిమానుల్లో కొందరు పరాయి మైదానాలకు మాత్రం వెళ్లగలిగారు. ఇంటి ముంగిట ఉన్న ఆటకు దూరమై, వందల మైళ్ల దూరంలోని ఆటకు ప్రయాణం చేయడం పైకి అసంగతంగా తోస్తుంది. క్లబ్ వేరు, యజమాని వేరు అన్న విభజనను ఆచరణలో చూపడానికి వారికి దొరికిన మార్గాల్లో అది ఒకటి.

దీని తీవ్రతను అంకెలు కొంతవరకు చెబుతాయి. ప్రీమియర్ లీగ్ సంవత్సరంలో సొంత మైదానంలో సగటు హాజరు 15 వేలకు పైగా ఉండగా, 2016-17లో అది 4 వేలకు దిగువకు చేరింది. హాజరు తగ్గడానికి జట్టు మూడు శ్రేణులు దిగజారడం కూడా కొంత కారణమే. అయితే 2017 మే 28న జరిగిన సంఘటనను ఆ కారణంతో వివరించలేము. ఆ రోజు బ్లాక్‌పూల్ వెంబ్లీలో ఎక్సెటర్ సిటీని 2-1తో ఓడించి పై శ్రేణికి ఎగబాకింది. ఏ పట్టణమైనా తరలివెళ్లే సందర్భమది. వేలాది అభిమానులు ఇంటి వద్దనే ఉండిపోయారు. తమ జట్టు గెలుపును చూడకపోవడమే ఆ రోజు వారి నిరసన.

5. సిద్ధాంత దృష్టి: నిష్క్రమణ, నిరసన గళం, నిబద్ధత

ఆర్థికవేత్త ఆల్బర్ట్ హిర్ష్‌మన్ 1970లో ఒక ప్రసిద్ధ సిద్ధాంతాన్ని ప్రతిపాదించారు. ఒక సంస్థ క్షీణిస్తున్నప్పుడు దానికి చెందినవారికి రెండు మార్గాలు ఉంటాయి. ఒకటి నిష్క్రమణ, రెండు నిరసన గళం. ఏది ఎంచుకుంటారన్నది వారి నిబద్ధతపై ఆధారపడుతుంది. నచ్చని సబ్బును మానేసి మరో సబ్బు కొనుక్కోవడం సులభం. ఫుట్‌బాల్ క్లబ్ విషయంలో అది సాధ్యం కాదు. బ్లాక్‌పూల్ అభిమాని పొరుగున ఉన్న ప్రెస్టన్ జట్టుకు మారడం ఊహకు అందని విషయం. ప్రత్యామ్నాయం లేని వినియోగదారుడిని యజమాని నిర్లక్ష్యం చేయగలగడానికి మూలం ఇక్కడే ఉంది.

కొన్ని చోట్ల అభిమానులు పూర్తి నిష్క్రమణను ఎంచుకున్నారు. క్లబ్‌ను మిల్టన్ కీన్స్‌కు తరలించడానికి అనుమతి లభించినప్పుడు వింబుల్డన్ అభిమానులు 2002లో ఎ.ఎఫ్.సి. వింబుల్డన్‌ను స్థాపించారు. గ్లేజర్ కుటుంబం మాంచెస్టర్ యునైటెడ్‌ను కొన్నప్పుడు కొందరు అభిమానులు 2005లో ఎఫ్.సి. యునైటెడ్ ఆఫ్ మాంచెస్టర్‌ను ఏర్పరచుకున్నారు. బ్లాక్‌పూల్ అభిమానులది మూడవ మార్గం. బహిష్కరణ నిష్క్రమణకూ, గళానికీ సరిహద్దులో ఉంటుందని హిర్ష్‌మన్ గుర్తించారు. వెళ్లిపోతూనే, పరిస్థితి మారితే తిరిగి వస్తామని మాట ఇవ్వడం దాని లక్షణం. ఆ మాటను ఎంతకాలం నిలబెట్టుకోగలరన్నదే బ్లాక్‌పూల్‌లో అసలు పరీక్ష.

6. స్మృతిలోని మూడు పొరలు

వ్యక్తి జ్ఞాపకం కూడా సమూహం ఏర్పరచిన చట్రాల మీద ఆధారపడుతుందని ఫ్రెంచి సామాజికవేత్త మోరిస్ హాల్బ్‌వాక్స్ వాదించారు. స్థలం, కాలం, తోటి మనుషులు ఆ చట్రాలలో ముఖ్యమైనవి. ఫుట్‌బాల్ అభిమానికి ఈ మూడూ ఒక్కచోట కుదురుతాయి: అదే మైదానం, శనివారం మధ్యాహ్నం, పక్క కుర్చీలోని అదే మనిషి. బహిష్కరణ ఈ మూడింటినీ ఒక్కసారిగా తొలగించింది. అందువల్ల ఆ కాలపు స్మృతి మామూలు క్రీడా జ్ఞాపకాలకు భిన్నంగా రూపొందింది. అందులో మూడు పొరలను గుర్తించవచ్చు.

6.1 నష్టం: సాధారణ క్రీడా జ్ఞాపకం ఏ గోల్ ఎవరు చేశారో చెబుతుంది. బహిష్కరణ స్మృతికి ఆ సామగ్రి లేదు. ఉన్నదంతా చూడని ఆటల లెక్క. నాలుగు సంవత్సరాలు ఒక కుటుంబంలో చిన్న కాలం కాదు. తండ్రి చేయి పట్టుకుని మొదటిసారి మైదానానికి వెళ్లవలసిన వయసు పిల్లవాడికి దాటిపోతుంది. మనుమడితో కలిసి కూర్చోవలసిన తాత ఈలోగా కన్నుమూయవచ్చు. ఇతర జట్ల మీదకు చూపు మరల్చకుండా క్లబ్‌కే జీవితమంతా ఆడిన జిమ్మీ ఆర్మ్‌ఫీల్డ్ 2018 జనవరి 22న మరణించారు. అభిమానులు తిరిగివచ్చిన రోజును ఆయన చూడలేదు. గెలుపు తరువాత కూడా ఈ నష్టం పూడదు. ఆ ఆటలు మళ్లీ జరగవు.

6.2 విభజన: అందరూ బహిష్కరణలో చేరలేదు. ఏమైనా జట్టును విడిచిపెట్టకూడదని నమ్మి లోపలికి వెళ్లినవారూ ఉన్నారు. వారి దృష్టిలో నిబద్ధత అంటే హాజరు. బయట నిలిచినవారి దృష్టిలో నిబద్ధత అంటే గైర్హాజరు. ఒకే ప్రేమకు పరస్పర విరుద్ధమైన రెండు రుజువులు ఏర్పడ్డాయి. విజయగాథలో బయట నిలిచినవారి కంఠం ప్రధానంగా వినిపిస్తుంది. లోపల కూర్చున్న ఆ మూడు నాలుగు వేల మంది ఏమి జ్ఞాపకం పెట్టుకున్నారన్నది తక్కువగా నమోదవుతుంది. పరిశోధకుడు ప్రత్యేకంగా వెతకవలసిన మౌనం ఇది.

6.3 పునరాగమనం: 2019 ఫిబ్రవరి 13న హైకోర్టు క్లబ్‌కు రిసీవర్‌ను నియమించింది. ఆ నెలలోనే ఓవెన్ ఆయ్‌స్టన్ పాలకమండలి నుంచి తొలగింపబడ్డారు. మార్చి 9న సౌతెండ్ యునైటెడ్‌తో ఆటకు అభిమానులు తిరిగివచ్చారు. అంతకుముందు వారిలో కొందరు స్వచ్ఛందంగా వచ్చి, ఏళ్ల తరబడి పక్షుల రెట్టలతో నిండిన కుర్చీలను కడిగారు. ఆ రోజు హాజరు 15 వేలు దాటింది. ఆట 2-2తో సమంగా ముగిసింది. ఫలితానికి ఆ రోజు ప్రాధాన్యం లేదు. స్మృతిలో ఈ దినం 'ఇంటికి తిరిగివచ్చిన రోజు'గా నిలిచింది. కుర్చీలు కడిగిన పనికి ఇందులో విశేష స్థానం ఉంది. కొన్నేళ్లుగా ఏమీ చేయకపోవడమే తమ పనిగా పెట్టుకున్నవారికి చేతులతో చేసే పని దొరికింది.

7. గెలిచినది ఎవరు?

విజయగాథను న్యాయస్థాన రికార్డుతో పోల్చినప్పుడు ఒక చిక్కు ఎదురవుతుంది. యజమానుల పతనానికి ప్రత్యక్ష కారణం బెలొకాన్ పక్షం వేసిన వ్యాజ్యం. అల్పసంఖ్యాక వాటాదారుకు అన్యాయం జరిగినప్పుడు రక్షణ కల్పించే 2006 నాటి కంపెనీల చట్టం కింద అది విచారణకు వచ్చింది. 2017 నవంబరు 6న న్యాయమూర్తి మార్కస్ స్మిత్ తీర్పు వెలువరిస్తూ, క్లబ్ ధనాన్ని ఆయ్‌స్టన్ కుటుంబం అక్రమంగా తరలించిందని నిర్ధారించారు. బెలొకాన్ వాటాను కొనుగోలు చేయడానికి 3 కోట్ల 12 లక్షల 70 వేల పౌండ్లు చెల్లించాలని ఆదేశించారు. ఆ సొమ్ము పూర్తిగా చెల్లించకపోవడమే రిసీవర్ నియామకానికి దారితీసింది. చట్టం దృష్టిలో ఇది ఇద్దరు వ్యాపార భాగస్వాముల మధ్య తగవు. తీర్పుకు పునాది అభిమానుల ఖాళీ కుర్చీలు కాదు, ఒక వాటాదారు హక్కు.

అలాగైతే అభిమానుల స్మృతి పొరపాటేనా? ఇటలీ మౌఖిక చరిత్రకారుడు అలెస్సాండ్రో పోర్టెల్లి చూపిన దారి ఇక్కడ ఉపకరిస్తుంది. జ్ఞాపకం వాస్తవానికి భిన్నంగా ఉన్నచోట దానిని త్రోసిపుచ్చక, ఆ భేదానికి అర్థమేమిటని అడగాలన్నది ఆయన పద్ధతి. బ్లాక్‌పూల్ స్మృతిలో వ్యాజ్యం వెనుకకు జరిగి, బహిష్కరణ ముందుకు రావడానికి కారణం ఉంది. తీర్పు ధనం ఎక్కడికి పోయిందో చెప్పింది. క్లబ్ ఎవరిదన్న ప్రశ్నను అది విచారించలేదు. విచారించే అధికారమూ దానికి లేదు. అభిమానులు నాలుగేళ్లు తమ గైర్హాజరుతో అడిగినది ఆ ప్రశ్ననే.

తీర్పు రాగానే క్లబ్ బాగుపడిందనడం కూడా సరికాదు. యజమానులు మారినా అభిమానులు తిరిగి రాకపోతే మిగిలేది ఖాళీ మైదానమే. నాలుగేళ్ల అలవాటు తప్పిన తరువాత జనం చెల్లాచెదరు కావడం సహజం. శనివారాలకు వేరే పనులు దొరుకుతాయి. ఇక్కడ అలా జరగలేదు. రిసీవర్ వచ్చిన నెల తిరగకముందే మైదానం నిండింది. నిరసన సభలు, మైదానం బయటి గుమిగూడింపులు, పరాయి పట్టణాల ప్రయాణాలు ఆ సమూహాన్ని కలిపి ఉంచడమే దీనికి కారణమని భావించవచ్చు. యజమానులను తొలగించడం న్యాయస్థానం చేయగలిగింది. తిరిగివచ్చే జనాన్ని నిలిపి ఉంచడం న్యాయస్థానం చేయగలిగే పని కాదు.

8. అనంతర పరిణామాలు

బ్లాక్‌పూల్‌లోనే పుట్టిన వ్యాపారి సైమన్ సాడ్లర్ 2019 జూన్‌లో క్లబ్‌ను కొన్నారు. 2021 మే 30న జట్టు వెంబ్లీలో లింకన్ సిటీపై గెలిచి చాంపియన్‌షిప్ శ్రేణికి చేరింది. ఇంగ్లండులో క్లబ్ యాజమాన్యాలపై అభిమానుల అసంతృప్తి ఒక్క పట్టణానికి పరిమితం కాలేదు. ట్రేసీ క్రౌచ్ నేతృత్వంలోని సమీక్ష 2021 నవంబరులో స్వతంత్ర నియంత్రణ సంస్థ అవసరాన్ని సిఫార్సు చేసింది. 2025లో ఫుట్‌బాల్ పాలనా చట్టం అమలులోకి వచ్చి అటువంటి సంస్థకు చట్టబద్ధత కల్పించింది. ఈ చట్టాన్ని బ్లాక్‌పూల్ ఉద్యమ ఫలితంగా చెప్పడం అతిశయోక్తి. చట్టం అవసరమన్న వాదనకు దోహదం చేసిన ఉదంతాలలో అదొకటి అనడం సమంజసం.

9. ఉపసంహారం

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు:

1. బహిష్కరణ చేయని పనుల సమాహారం. దాని చరిత్రకు లిఖిత ఆధారాలు పరిమితం కావడం వల్ల స్మృతి ప్రధాన ఆకరమవుతుంది.

2. బ్లాక్‌పూల్ అభిమానులు క్లబ్‌ను, యజమానిని వేరుచేసి చూశారు. సొంత మైదానాన్ని మాని పరాయి మైదానాలకు వెళ్లడం ఆ విభజనకు ఆచరణరూపం.

3. యజమానుల తొలగింపునకు న్యాయపరమైన కారణం వాటాదారు వ్యాజ్యం. బహిష్కరణ విజయం ఆ తొలగింపులో కంటే, అభిమాన సమూహం తిరిగివచ్చే స్థితిలో నిలిచి ఉండడంలో స్పష్టంగా కనిపిస్తుంది.

4. విజయస్మృతిలో నష్టం అంతర్భాగం. విజయాన్ని మాత్రమే నమోదు చేసే చరిత్ర ఈ ఉద్యమం విలువను తగ్గిస్తుంది. కోల్పోయినది ఎంతో తెలిస్తేనే నిరాకరణ ఎంత కఠినమైనదో తెలుస్తుంది.

5. బహిష్కరణ పాటించనివారి జ్ఞాపకాలు, క్లబ్ ఉద్యోగుల జ్ఞాపకాలు సేకరించవలసి ఉంది. అవి లేని చరిత్ర ఏకపక్షమవుతుంది.

ఆ నాలుగేళ్లను ప్రత్యక్షంగా ఎరిగినవారు ఇంకా ఉన్నారు. టిక్కెట్టు కొన్నవారి లెక్క క్లబ్ దగ్గర ఉంటుంది. కొననివారి కథ వారు చెప్పినంతకాలమే ఉంటుంది.